పడుగులోనే డిజైన్: ఎక్స్‌రే లేజర్ మెరుపును మలిచే తీరు

తొలకరి పడిందంటే కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి చేలల్లోకి మడక కంటే ముందు మనుషులు దిగుతారు. సద్దిమూట చెట్టు కింద పెట్టి, ఎర్రనేల మీద తల వంచుకుని పొద్దుగూకే దాకా తిరుగుతారు. వానకు మట్టి కొట్టుకుపోయి పైకి తేలిన రాళ్లలో తేడాగా మెరిసేది ఒక్కటైనా కనపడకపోతుందా అన్నదే ఆశ. అనంతపురం జిల్లా వజ్రకరూరుకైతే పేరులోనే వజ్రం ఉంది. అక్కడి కింబర్లైట్ శిలలు భూమి లోతుల్లోంచి వజ్రాలను పైకి మోసుకొచ్చినవి. ఈ రాళ్లకు ధర కట్టేది బరువును, రంగును చూసి.

కాలిఫోర్నియాలోని ఒక సొరంగంలో 2012లో వజ్రాన్ని వేరే పనికి పెట్టారు. అది ప్రయోగశాలలో పెంచిన వజ్రం. సుమారు 100 మైక్రాన్ల మందం, అంటే తలవెంట్రుక అంత పలచని రేకు. దాని మెరుపుతో అక్కడ ఎవరికీ పని లేదు. దాని గుండా ఒక ఎక్స్‌రే మెరుపు దూసుకుపోయాక వెనక సన్నగా మిగిలే తోక ఒకటి ఉంటుంది. కావలసింది ఆ తోక. ఎక్స్‌రే లేజర్‌కు పుట్టుకతో వచ్చిన ఒక పెద్ద లోపాన్ని దానితోనే సరిచేశారు. ఆ లోపం ఏమిటో తెలియాలంటే మెరుపు పుట్టే చోటి నుంచి మొదలుపెట్టాలి.

తొలి దరువు ఎవరిది?

మామూలు లేజర్‌లో వెలుగును పెంచడానికి ఒక స్ఫటికమో వాయువో ఉంటుంది, దానికి అటూ ఇటూ అద్దాలుంటాయి. ఎక్స్‌రే ఫ్రీ ఎలక్ట్రాన్ లేజర్‌లో అవేవీ ఉండవు. ఉండేవి ఎలక్ట్రాన్లు, అయస్కాంతాలు మాత్రమే. ఈ రకం లేజర్‌ను 1971లో జాన్ మేడీ ప్రతిపాదించారు. స్టాన్‌ఫర్డ్ దగ్గరి స్లాక్ ప్రయోగశాలలో ఎలక్ట్రాన్లను పరిగెత్తించడానికి అప్పటికే ఉన్న 3.2 కిలోమీటర్ల యాక్సిలరేటర్‌తో దీన్ని ఎక్స్‌రేల దాకా తీసుకుపోవచ్చని 1992లో క్లాడియో పెల్లెగ్రిని అన్నారు. 2009 ఏప్రిల్‌లో అక్కడి ఎల్‌సీఎల్‌ఎస్ అనే ఎక్స్‌రే లేజర్‌లో తొలి మెరుపు వచ్చింది.

పని జరిగే తీరు ఇదీ. ఒక రాగి పలక మీద అతినీలలోహిత లేజర్‌తో కొడితే ఎలక్ట్రాన్ల గుంపు ఒకటి లేస్తుంది. యాక్సిలరేటర్ చివరి కిలోమీటరు పొడవునా దాన్ని పరిగెత్తించి, 13.6 గిగా ఎలక్ట్రాన్‌వోల్టుల దాకా శక్తినిచ్చి, అండ్యులేటర్‌లోకి వదులుతారు. అండ్యులేటర్ అంటే ఉత్తర, దక్షిణ ధ్రువాలు మార్చి మార్చి పేర్చిన అయస్కాంతాల బాట. మొదటి యంత్రంలో అది ప్రతి 3 సెంటీమీటర్లకు ఒక ఒంపు చొప్పున సుమారు 130 మీటర్లు సాగేది. ఎలక్ట్రాన్లు అందులో పాము నడక నడుస్తూ, ఒంపు తిరిగినప్పుడల్లా కాస్త వెలుగు విదులుస్తాయి. 3 సెంటీమీటర్ల ఒంపు నుంచి పరమాణువంత చిన్నదైన 1.5 ఆంగ్‌స్ట్రామ్‌ల తరంగం ఎలా వస్తుందన్న అనుమానం రావాలి. ఎలక్ట్రాన్ దాదాపు కాంతి వేగంతోనే పోతుంది కాబట్టి, తాను విదిలించిన వెలుగు వెంటే పరిగెడుతూ ఉంటుంది. ఒక ఒంపు పూర్తయ్యేసరికి వెలుగు దానికంటే ముందుకు పోయేది సరిగ్గా ఒక్క తరంగమంత.

లేజర్ గుణం ఆ తర్వాత వస్తుంది. ముందుకు జారిన వెలుగు తన దారిలోని ఎలక్ట్రాన్లలో కొన్నిటిని కాస్త ముందుకు తోస్తుంది, కొన్నిటిని వెనక్కు లాగుతుంది. పోను పోను గుంపంతా తరంగానికొకటి చొప్పున పలచని పలకలుగా సర్దుకుంటుంది. జాతరలో తలో అడుగు వేసే జనం దరువు వినగానే ఒక్క అడుగులోకి వచ్చినట్టే. ఒక తేడా ఉంది, ఇక్కడ దరువు వేసేదీ ఆ జనమే. అడుగు కలిసేకొద్దీ వెలుగు హెచ్చుతుంది, వెలుగు హెచ్చేకొద్దీ అడుగు ఇంకా కలుస్తుంది. బాట చివరికి వచ్చేసరికి ఒక్కో మెరుపులో లక్ష కోట్ల ఫోటాన్ల దాకా ఉంటాయి.

మరి మొదటి దరువు ఎవరు వేశారు? ఎవరూ వేయలేదు. గుంపులో ఎలక్ట్రాన్లు ఎక్కడ ఎన్ని ఉంటాయన్నది యాదృచ్ఛికం. ఆ ఎగుడుదిగుడుల వల్ల పుట్టిన గోలే పెరిగి లేజర్ అవుతుంది. ఇది సాధ్యమేనని 1980లో కొండ్రాటెంకో, సాల్దిన్ లెక్కగట్టారు. గుంపులో ఒక కొసన ఉన్నవాళ్లకు రెండో కొస దరువు వినపడదు కాబట్టి, ఒక్కో చోట ఒక్కో లయ మొదలవుతుంది. అందుకే 50 ఫెమ్టోసెకన్ల మెరుపును విడదీసి చూస్తే నున్నటి గుట్టలా ఉండదు. ఫెమ్టోసెకను కూడా నిలవని ముళ్లు పదుల కొద్దీ గుచ్చినట్టుంటుంది. ఎల్‌సీఎల్‌ఎస్ మొదటి యంత్రం సెకనుకు 120 మెరుపులు ఇచ్చేది. ఆ 120లో ఏ రెండూ ఒకేలా ఉండవు.

ఫెమ్టోసెకను అంటే సెకనులో కోటి కోట్ల వంతులో మళ్లీ పదో వంతు. అంత వ్యవధిలో కాంతి కూడా 0.3 మైక్రాన్లే కదులుతుంది.

ఎవరికి ఏ మెరుపు కావాలి

ముళ్లుంటే నష్టమేమిటి? కొందరికి ఏమీ లేదు. ప్రోటీన్ స్ఫటికాల నిర్మాణం చూసేవాళ్లకు కావలసింది తక్కువ సమయంలో ఎక్కువ ఫోటాన్లు. ఆ మెరుపు తగిలితే స్ఫటికం పేలిపోతుంది, కానీ పేలేలోపే బొమ్మ పడిపోతుంది. ఈ ఊహ 2000లో కాగితం మీదకు వచ్చింది, 2011లో ఫోటోసిస్టమ్-1 అనే కిరణజన్య సంయోగక్రియ ప్రోటీన్ నానో స్ఫటికాల మీద నిజమని తేలింది. వీళ్లకు ముళ్లతో పేచీ లేదు.

ఒక పరమాణువు ఏ శక్తి దగ్గర ఎక్స్‌రేను మింగుతుందో కొలిచేవాళ్ల సంగతి వేరు. వాళ్లకు రంగు, అంటే మెరుపులోని శక్తుల పరిధి, సన్నగా ఉండాలి. రసాయన చర్యను మధ్యలో పట్టుకోవాలనుకునేవాళ్లకు రెండు మెరుపులు కావాలి: ఒకటి చర్యను కదిలించడానికి, ఇంకొకటి కొద్ది ఫెమ్టోసెకన్ల తర్వాత వచ్చి చూడడానికి. ఆ రెండు రంగులూ వేరైతే ఇంకా మంచిది. అయస్కాంత పదార్థాల మీద పనిచేసేవాళ్లు మరమేకులా మెలితిరిగే వెలుగు అడుగుతారు. ఎలక్ట్రాన్ల కదలికనే చూడాలనేవాళ్లకు ఫెమ్టోసెకను కూడా ఎక్కువే, వాళ్ల లెక్క అట్టోసెకన్లలో, అంటే ఫెమ్టోసెకనులో వెయ్యో వంతుల్లో.

ఇవన్నీ ఒక్క మెరుపులోనే దొరకవు. ప్రకృతి ఒప్పుకోదు. డప్పు మీద పడిన ఒక్క దెబ్బకు శ్రుతి ఏదంటే చెప్పడం కష్టం, అది అంత పొట్టి శబ్దం. సన్నాయి ఊపిరి బిగబట్టి లాగిన స్వరానికైతే శ్రుతి తేటగా తెలుస్తుంది. వెలుగుకూ అదే న్యాయం. ఒక ఫెమ్టోసెకను మెరుపు కావాలంటే దాని శక్తి కనీసం 1.8 ఎలక్ట్రాన్‌వోల్టుల మేర పరుచుకోవాల్సిందే. పొట్టితనం కావాలా, సన్నదనం కావాలా తేల్చుకోమంటుంది యంత్రం. అసలు లేజర్ చేతకానితనమంతా ఆ పరిమితిని కూడా అందుకోలేకపోవడంలో ఉంది. మెరుపు పొడవూ ఉంటుంది, రంగు వెడల్పూ ఉంటుంది. రెండు విధాలా దుబారా.

మగ్గం ఎక్కక ముందే

కంటికి కనిపించే లేజర్లను మలచడం ఎప్పుడో వచ్చిన విద్య. మెరుపును సన్నటి గీతలు చెక్కిన పలక (గ్రేటింగ్) మీద రంగులుగా పరిచి, ఒక్కో రంగును కావలసినంత ఆపి, మళ్లీ కలిపేస్తారు. ఎక్స్‌రేలతో ఈ ఆట సాగదు. గాజు వాటిని వంచదు, మింగేస్తుంది. అద్దం మీద దాదాపు ఒరుసుకుంటూ పోతే తప్ప తిరిగి రావు. పైగా ఈ మెరుపుల తీవ్రతకు దారిలో పెట్టిన వస్తువే చెడిపోయే ప్రమాదం ఉంది.

అందుకని ఈ రంగంలో వాళ్లు వెలుగు జోలికి పోకుండా, దాన్ని కనే ఎలక్ట్రాన్ల గుంపు మీద పనిచేస్తారు. పాత అనంతపురం జిల్లాలోని ధర్మవరంలో ఏ మగ్గం దగ్గర నిలబడినా ఇది అర్థమవుతుంది. చీర మీది నెమలి నేతగాడి చేతిలో ఉండదు, మగ్గం పైన వేలాడే జకార్డు అట్టల్లో ఉంటుంది. అట్టకు రంధ్రం ఉన్నచోట పడుగు పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. నేయడం అయిపోయాక నెమలి మెడ వంకర సరిచేద్దామంటే కుదరదు.

పోలిక మరీ దూరపుదేమీ కాదు, ఎల్‌సీఎల్‌ఎస్‌లో అలాంటి అట్ట నిజంగానే ఉంది. ఎలక్ట్రాన్ల గుంపును నొక్కి పొట్టి చేయడానికి దారిలో నాలుగు అయస్కాంతాల మలుపు ఒకటి పెడతారు. గుంపు వెనక భాగానికి కాస్త ఎక్కువ శక్తి ఇచ్చి పంపితే, శక్తి ఎక్కువైనవి మలుపులో తక్కువ వంగి, దగ్గరి దారిన వచ్చి ముందువాటిని కలుస్తాయి. ఆ మలుపు నడుమ గుంపు అడ్డంగా పరుచుకుని ఉంటుంది. ముందున్నవి ఒక పక్క, వెనకున్నవి ఇంకో పక్క. సరిగ్గా అక్కడ ఒక పలచని అల్యూమినియం రేకు అడ్డం పెడతారు, దానికి వి ఆకారంలో చీలిక ఉంటుంది. రేకు తగిలిన ఎలక్ట్రాన్లు చావవు, చెదురుతాయి. చెదిరినవి అండ్యులేటర్‌లో అడుగు కలపలేవు. చీలిక లోంచి శుభ్రంగా వచ్చినవి మాత్రమే లేజర్ ఇస్తాయి. రేకును పైకి జరిపితే చీలిక వెడల్పు మారి మెరుపు పొడవు మారుతుంది. రెండు చీలికలున్న రేకు పెడితే జంట మెరుపులు. ఇంత సూక్ష్మమైన పనికి ఇంత మోటు పరికరం చాలడం ముచ్చటగానే ఉంటుంది.

రేకు ఒక్కటే కాదు. గుంపు పుట్టే దగ్గర రాగి పలకను కొట్టే లేజర్ ఆకారాన్నే మార్చవచ్చు. దారిలో ఇంకో లేజర్‌తో ఎలక్ట్రాన్లను కాస్త వేడెక్కించవచ్చు. వేడి చెరుపు చేస్తుందనుకుంటాం గానీ, గుంపులో అనవసరంగా పెరిగే అలలు కొద్దిపాటి వేడికే అణిగిపోతాయి. ఆ వేడిని కొంతచోట ఎక్కువ, కొంతచోట తక్కువ చేస్తే గుంపులో ఏ ముక్క లేజర్ ఇవ్వాలో ఎంచుకోవచ్చు. 2016లో వచ్చిన ఇంకో పద్ధతిలో, గాడులు తీసిన లోహపు గోడల పక్కగా గుంపును పంపి దాని తోకను పక్కకు వంచారు. అండ్యులేటర్ మొదటి సగంలో తోక మాత్రమే నిటారు దారిలో నడిచి ఒక రంగు వెలుగు ఇస్తుంది. రెండో సగంలో దారి సర్ది, అలసిపోని తల భాగం చేత ఇంకో రంగు ఇప్పిస్తారు. తోక కాడికి ఒక పని, తల కాడికి ఇంకో పని.

అట్టోసెకన్ల దాకా పోవడానికి గుంపులో ఒకచోట ఎలక్ట్రాన్లను సూదిమొనలా కుదించాలి. అండ్యులేటర్ ముందు పెద్ద ఒంపుల అయస్కాంతం ఒకటి పెట్టి ఎల్‌సీఎల్‌ఎస్‌లో ఆ పని చేశారు. 2020లో ప్రకటించిన ఫలితాల్లో మెరుపులు సుమారు 280 అట్టోసెకన్ల వరకు పొట్టివయ్యాయి. ఫెమ్టోసెకనులో మూడోవంతు కూడా లేదు.

దీనివల్ల ఏం ఒరిగిందో 2024లో నీళ్ల మీద చేసిన ప్రయోగం చూపింది. పలచటి నీటి పొర మీద ఒక అట్టోసెకను మెరుపుతో ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టి, ఫెమ్టోసెకను గడవకముందే ఇంకో రంగు మెరుపుతో చూశారు. అంతలో పరమాణువులు కదలనే లేదు. గతంలో ద్రవ రూపంలోని నీటి ఎక్స్‌రే సంకేతంలో ఒక గీత రెండుగా చీలి కనిపించేది. నీటిలో రెండు రకాల అమరికలు ఉన్నాయనడానికి కొందరు దాన్నే సాక్ష్యంగా చూపేవారు. ఈ పొట్టి మెరుపులతో చూస్తే ఆ చీలిక లేదు. కొలిచే సమయంలో హైడ్రోజన్ కదిలిపోవడం వల్ల కనిపించిన గీత అది. ఏళ్ల తరబడి నలిగిన వాదం మెరుపు పొట్టిదయ్యేసరికి మరో మలుపు తిరిగింది.

వజ్రపు రేకు

రంగు సన్నబడాలనేవాళ్లకు ఈ ఉపాయాలు పూర్తిగా చాలవు, గోల గోలగానే ఉంటుంది. తొలి దరువును బయటి నుంచి వేయాలి. ఇటలీలోని ట్రియెస్టే దగ్గర ఫెర్మి అనే యంత్రంలో అతినీలలోహిత లేజర్‌తో ఆ దరువు వేస్తారు. దాని ఆకారం ఎలక్ట్రాన్లకు, వాటి నుంచి కొత్త వెలుగుకు అంటుకుంటుంది. దరువు వేసే ఈ విత్తు లేజర్‌ను ఎలా మలిస్తే మెరుపూ అలా మారుతుందన్నమాట. ఇలా మలిచిన మెరుపులతో హీలియం పరమాణువు ఎలక్ట్రాన్ స్థితులను అదుపు చేసినట్టు 2024లో ఒక బృందం చూపింది. కానీ ఫెర్మి ఇచ్చేది తీవ్ర అతినీలలోహిత వెలుగు, మెత్తటి ఎక్స్‌రేల వరకే. తరంగం ఇంకా పొట్టిదైన గట్టి ఎక్స్‌రేలకు విత్తుగా పనికొచ్చే లేజర్ బయట ఎక్కడా లేదు. అందుకే మెరుపు నుంచే విత్తు తీయాలి. ఇక్కడే వజ్రం వస్తుంది.

అండ్యులేటర్ బాటను మధ్యలో తెంచి అక్కడ వజ్రపు రేకు నిలబెడతారు. వజ్రంలో కార్బన్ పరమాణువులు కడప బండల గనిలో పొరల్లా ఒకదాని మీద ఒకటి పేర్చుకుని ఉంటాయి. మెరుపు సరైన కోణంలో తగిలితే అందులోని సన్నటి రంగు ఒక్కటే ఆ పొరల మీద పడి పక్కకు మళ్లుతుంది. ఇది బ్రాగ్‌లు తండ్రీకొడుకులు వందేళ్ల కిందట చెప్పిన సూత్రమే. మిగతాదంతా నేరుగా పోతుంది. పక్కకు మళ్లే ఆ రంగులో కొంత పొరల మధ్య తట్టుకుంటూ ఆలస్యంగా, ముందుకే బయటపడుతుంది. గుడిగంట కొట్టినప్పుడు మొదటి దెబ్బలో అన్ని చప్పుళ్లూ కలిసి ఉంటాయి, తర్వాత మిగిలే మోతకు మాత్రం ఒకే శ్రుతి. వజ్రం వెనక మిగిలే తోక ఆ మోత లాంటిది. బలహీనం, కానీ స్వచ్ఛం.

ఈలోగా ఎలక్ట్రాన్లను నాలుగు అయస్కాంతాలతో వజ్రానికి పక్కగా చుట్టు తిప్పి తెస్తారు. చుట్టు తిరిగినందుకు అవి సుమారు 20 ఫెమ్టోసెకన్లు, దూరంలో చెప్పాలంటే 6 మైక్రాన్లు వెనకబడతాయి. అంతవరకు నేర్చుకున్న గోల అడుగులు కూడా ఆ తిరుగుడులో చెదిరిపోతాయి. తిరిగి బాట మీదకు వచ్చేసరికి అసలు మెరుపు ముందుకు పోయి, తోక సరిగ్గా వాటి నెత్తిన ఉంటుంది. మిగిలిన బాటంతా ఆ తోకనే పెంచుతాయి. 20 ఎలక్ట్రాన్‌వోల్టుల మేర పరుచుకునే రంగు 2012లో సుమారు అర ఎలక్ట్రాన్‌వోల్టుకు కుదించుకుపోయింది. 40 రెట్లు సన్నం. జర్మనీలోని హాంబర్గ్‌లో పనిచేసే ముగ్గురు పరిశోధకుల ఆలోచన ఇది. వాళ్లలో ఒకరు 1980లో గోల నుంచి లేజర్ వస్తుందని లెక్కగట్టిన సాల్దిన్. తాను ఊహించిన గోలను తానే వదిలించే దారి చూపారు.

వజ్రమే ఎందుకంటే, అది ఎక్స్‌రేలను పెద్దగా మింగదు, మింగిన వేడిని వెంటనే పంచేస్తుంది, వేడికి పెద్దగా వ్యాకోచించదు. అయినా చిక్కులున్నాయి. హాంబర్గ్ దగ్గరి యూరోపియన్ ఎక్స్‌ఫెల్ అనే ఎక్స్‌రే లేజర్ సెకనుకు 27,000 మెరుపులు ఇస్తుంది. అవి పది జట్లుగా, జట్టుకు 2,700 చొప్పున దబదబా వచ్చి పడతాయి. ముందు మెరుపులకే వజ్రం వేడెక్కి పొరల ఎడం మారితే, వెనక వచ్చేవాటికి రంగు జరిగిపోతుంది. అక్కడ బాట మీద రెండు చోట్ల వజ్రాలు పెట్టి భారం తగ్గించారు. ఇంకో చిక్కు ఎలక్ట్రాన్ల వైపు నుంచి. గుంపు శక్తి ఒక్కోసారి కాస్త అటూ ఇటూ అయితే వజ్రం ఇచ్చిన రంగుతో పొసగదు, ఆ మెరుపు చప్పగా పోతుంది. రంగు నిలకడ వచ్చింది, బలం నిలకడ రాలేదు.

తూర్పారబట్టినట్టు

ఇన్ని చేసినా ప్రతి మెరుపూ కోరినట్టు రాదు. వచ్చింది ఎలా వచ్చిందో తెలుసుకోవడం సగం పని. ఈ సగానికి మొదటి సగమంత పేరు రాలేదు గానీ, చాలా ప్రయోగాలను బతికించింది ఇదే.

ఫెమ్టోసెకన్లను కొలిచే గడియారం ఏదీ ఎలక్ట్రానిక్స్‌లో లేదు. అందుకని కాలాన్ని దూరంగా మార్చి చూస్తారు. కళ్లంలో కొర్రలు తూర్పారబడితే గాలికి గింజ దగ్గర, పొట్టు దూరం పడుతుంది. ఒకే చేటలో కలిసి ఉన్నవి నేల మీద వేర్వేరు చోట్ల తేలుతాయి. లేజర్ ఇచ్చేసి బయటికి వచ్చిన ఎలక్ట్రాన్ల గుంపును ఎల్‌సీఎల్‌ఎస్‌లో ఇలాగే చేస్తారు. రేడియో తరంగాల పెట్టె ఒకటి గుంపు తలను ఒక పక్కకు, తోకను ఇంకో పక్కకు తంతుంది. తెర మీద గుంపు వెడల్పుగా పరుచుకుంటుంది. అయస్కాంతంతో శక్తిని నిలువుగా పరుస్తారు. ఎక్కడ లేజర్ వెలిగిందో అక్కడ ఎలక్ట్రాన్లు శక్తి పోగొట్టుకుని కిందికి జారి కనిపిస్తాయి. ఎక్స్‌రేను ముట్టుకోకుండానే దాని ఆకారం దాదాపు ఫెమ్టోసెకను తేడాతో తెలిసిపోతుంది. వెలుగు ప్రయోగం దగ్గరికి పోతుంది, దాని జాతకం ఇక్కడ రాసి ఉంటుంది.

ప్రతి మెరుపుకు జాతకం ఉంటే, గోల మీద పగ తగ్గుతుంది. కావలసిన రకం మెరుపుల లెక్కలు మాత్రం ఏరుకోవచ్చు. అంతకంటే తెలివైన దారి, ఏరకుండా అన్నిటినీ వాడుకోవడం. మెరుపు ఆకారం ఇలా మారినప్పుడు నమూనా ఇలా స్పందించింది, అలా మారినప్పుడు అలా స్పందించింది అని వేల మెరుపుల మీద సంబంధం లెక్కగడితే, సన్నటి రంగుతో కొలిచినంత సమాచారం గోల నుంచే వస్తుంది. మలచడానికి పెట్టే ఖర్చులో కొంత కొలవడానికి మళ్లిస్తే మేలన్న వాదనకు బలం ఇక్కడే. ఎల్‌సీఎల్‌ఎస్ కొత్త యంత్రం 2023 సెప్టెంబరులో తొలి వెలుగు ఇచ్చింది. సున్నాకు దిగువన 271 డిగ్రీల చలిలో నడిచే నయోబియం పెట్టెలతో సెకనుకు పది లక్షల మెరుపుల దాకా పోవడం దాని లక్ష్యం. అన్నిటి జాతకాలూ మనుషులు రాయలేరు. తేలికగా కొలవగలిగే సంకేతాల నుంచి మెరుపు గుణాలను యంత్రాభ్యాసంతో ఊహించవచ్చని 2017లోనే చూపారు.

భారతదేశంలో ఎక్స్‌రే ఫ్రీ ఎలక్ట్రాన్ లేజర్ లేదు. ఇండోర్‌లోని ఇండస్-2 ఎలక్ట్రాన్లను గుండ్రంగా తిప్పి ఎక్స్‌రేలు ఇచ్చే సింక్రోట్రాన్, 2.5 గిగా ఎలక్ట్రాన్‌వోల్టులది, దాని పని వేరు. అయినా అనంతపురంలోనో కర్నూలులోనో ఎమ్మెస్సీ భౌతికశాస్త్రం చదివే విద్యార్థికి ఈ విద్య అందనంత ఎత్తులో ఏమీ లేదు. ఫలితాలు బహిరంగంగా ప్రచురించే పరిశోధకులకు పెద్ద యంత్రాల్లో సమయం ఉచితంగానే ఇస్తారు, ప్రతిపాదన గట్టిదైతే చాలు. అంతకుముందే చేయగలిగిన పని కూడా ఉంది. ఈ యంత్రాల నమూనాలు లెక్కగట్టే జెనెసిస్, ఓసెలాట్ అనే ప్రోగ్రాములు ఎవరైనా దింపుకోవచ్చు, ఓసెలాట్ పైథాన్‌లోనే ఉంది. అండ్యులేటర్ సగం దాకా గుంపును నడిపి, వజ్రం పెట్టి, ఎలక్ట్రాన్ల ఆలస్యం 20 ఫెమ్టోసెకన్లు అని రాసి చూడవచ్చు. వర్ణపటం మధ్యలో ఒక్క సన్నటి గీత నిటారుగా లేస్తుంది. ఆ 20 తీసి సున్నా రాస్తే, మళ్లీ ముళ్లకంపే.